ఇంకొకరు నింపిన తూటా

1976 నవంబరులో, థాంక్స్‌గివింగ్ పండుగకు ముందు శనివారం ఉదయం, క్లోయిడ్ నేపియర్ పందుల దొడ్డిలో మా మామయ్య హోబర్ట్ ట్రిగ్గర్ నొక్కాడు. గుండు బయటికి రాలేదు. పంది బతికే ఉంది. మా లోయలో ఆయన పందులు కొట్టడం మొదలుపెట్టిన తరువాత అలా జరగడం అదే మొదటిసారి.

కెంటకీ తూర్పు కొండల్లో, చలి గట్టిపడగానే, ప్రతి ఇంటివాళ్ళూ ఒకటో రెండో పందుల్ని కోసి, ఉప్పు పట్టించి, పొగ గదిలో వేలాడదీసి వసంతం దాకా తింటారు. కొయ్యడం ఎవరైనా చేస్తారు. నొసట గుండు పెట్టే పని మాత్రం మా లోయలో హోబర్ట్‌ది. అందుకు ఆయన ఏమీ పుచ్చుకోడు. కోసినవాళ్ళు వెన్ను మాంసం ముక్క ఒకటి పంపిస్తారు. గని ధూళితో ఊపిరితిత్తులు పాడై ఇంటిపట్టున కూర్చున్నాక, ఎవరైనా తలుపు తట్టి "బాబాయ్, నువ్వు రావాలి" అని అడిగే రోజులు ఏడాది మొత్తంలో ఆయనకు అవే.

ఆయన పిస్టల్ అరచేతిలో ఇమిడిపోతుంది. బొగ్గు గని కాలనీలో కూలీలకు భోజనాలు పెట్టిన ఆయన తల్లి దాన్ని ఏప్రాన్ జేబులో వేసుకుని తిరిగేదట. పైన నికెల్ పూత చాలాచోట్ల లేచిపోయింది. గడియ ఎత్తితే గొట్టం కిందికి వంగి, సిలిండర్‌లోని అయిదు గదులూ బయటపడతాయి. ఆయన నాలుగే నింపుతాడు. తూటా అడుగున కొట్టే సుత్తి కింది గదిని ఖాళీగా ఉంచుతాడు. జారి కింద పడితే పేలకూడదని.

ఆ ఏడాది సెప్టెంబరులో ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చాక, వంటింటి బల్ల మీద తువ్వాలు పరిచి దాన్ని విప్పాడు. సుత్తి వెనక్కి లాగితే సిలిండర్ తిరగడం లేదు. లోపల సిలిండర్‌ను నెట్టే కొక్కెం వెనక గోరంత స్ప్రింగ్ ఉంటుంది. అది విరిగింది. ఆ పిస్టల్ చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది.

మా అత్తయ్య డెల్ఫియా పడగ్గదిలోంచి వచ్చింది.

"ఏమయ్యా, నా గడియారం ఏదీ?"

"ఏ గడియారం?"

"పొద్దున్నే మోగే గడియారం. ఈ ఇంట్లో పది గడియారాలున్నాయా?"

"అది ఎలాగూ ఆలస్యంగా నడుస్తోంది."

"నువ్వూ ఆలస్యంగానే నడుస్తున్నావు. నిన్ను విప్పానా?"

గడియారంలోని చుట్ట స్ప్రింగ్ అప్పటికే బల్ల మీద ఉంది. దాని చివర ముక్క కత్తిరించి, ఆకురాయితో సన్నగా రాశాడు. చాలాసేపు రాశాడు. రాసినప్పుడల్లా బొటనవేలితో తడిమి చూసుకున్నాడు. తరువాత పటకారుతో పట్టుకుని దీపం మంట మీద పెట్టాడు.

"వెల్డా, రంగు చెప్పు."

నేను పక్కనే బీన్స్ తుంచుతున్నాను.

"ఏం రంగు మామయ్యా?"

"ముందు ఎండుగడ్డి రంగొస్తుంది. తర్వాత ఊదా. తర్వాత నీలం. నీలం రాగానే చెప్పు."

గడ్డి రంగు వచ్చింది. ఊదా వచ్చింది. అది ఇనుము మీద పాకుతూ వెళ్ళడం నేను అంతకుముందు చూడలేదు. చేతిలో బీన్స్ అలాగే ఉండిపోయాయి. నీలం అన్నాను. తీసి నూనెలో ముంచాడు.

మరలు బిగించడానికి ఆయనకు కళ్ళు అక్కర్లేదు. ఏ మర ఏ రంధ్రంలోదో వేళ్ళు వెతికి పట్టుకున్నాయి. చివరి మర బిగించి సుత్తి వెనక్కి లాగాడు. సిలిండర్ ఒక గది తిరిగి ఆగింది. మళ్ళీ లాగాడు. అయిదు సార్లూ ఒకే చప్పుడు. అత్తయ్య కూడా పొయ్యి దగ్గర గరిటె ఆపి వింది.

నా భర్త గార్లండ్ అంతకుముందు నుంచే గుమ్మంలో నిలబడి ఉన్నాడు. బొగ్గు లారీ నడుపుతాడు. ఆదివారాలు ఇంట్లో ఉంటాడు.

"నాన్నా, దాన్ని ఇక పెట్టెలో పెట్టెయ్. నా రైఫిల్ ఉందిగా."

"రైఫిల్ పొడుగు. పంది దాన్ని చూస్తుంది."

"చూస్తే?"

"భయపడుతుంది. భయంతో చచ్చిన పంది మాంసం ఉప్పు పట్టదు. తినలేవు."

"నీకు ఆ స్ప్రింగ్ రంగు కనపడలేదు. నేను గుమ్మంలోంచి విన్నా. పొద్దున కాఫీ పోసుకుంటూ కప్పులో వేలు పెట్టావు."

"వేడిగా ఉందో లేదో చూశా."

"చూడ్డానికి కళ్ళు వాడతారు నాన్నా. దొడ్డి చుట్టూ జనం ఉంటారు, క్లోయిడ్ పిల్లలు కంచె ఎక్కి ఉంటారు. ఒక్కటి తేడా వస్తే?"

హోబర్ట్ పిస్టల్‌ను తువ్వాల్లో చుట్టాడు.

"ఒక్కటి తేడా వస్తే నేనే తెచ్చి నీ ముందు పెడతా. నువ్వు అడగక్కర్లేదు."

"మాటేనా?"

"మీ అమ్మ వింది."

"నేనేం వినలేదు. నా గడియారం పోయిన దుఃఖంలో ఉన్నా," అంది అత్తయ్య.

అక్టోబరులో తూటాలు నింపాడు. ఆ కొలత తూటాలు టౌనులో ఇనుప సామాన్ల కొట్టువాడు తెప్పించడం మానేసి చాలా ఏళ్ళయింది. దొరికినా హోబర్ట్ కొనడు. కొట్టు తూటాల ఊపుకు ఆ పాత గడియ వదులవుతుందని ఆయన లెక్క. కాల్చిన ఇత్తడి డొప్పల్నే ఏరుకుని, మళ్ళీ మళ్ళీ నింపుకుంటాడు. కొన్ని డొప్పలు గార్లండ్ పుట్టకముందువి.

పొగ గది పక్కన రేకుల షెడ్డులో ఆయన బల్ల. కార్ల చక్రాలకు తగిలించే సీసపు బిళ్ళలు మూకుడులో వేసి కరిగించేవాడు. మడ్డి తీసేశాక సీసం మీద షెడ్డు కప్పు కనిపించేది, రేకుల మేకులతో సహా. అచ్చులో పోసి, లెక్కపెట్టుకున్నట్టు పెదవులు కదిపి, అచ్చు తెరిస్తే గుండు తువ్వాలు మీద పడేది. చిటికెన వేలి కొన కంటే చిన్నది. మూడొందల పౌండ్ల పందిని కూల్చేది అదేనంటే, ఎన్నిసార్లు చూసినా నాకు నమ్మకం కుదిరేది కాదు.

గుండ్లు పోసేటప్పుడు మాట్లాడనిచ్చేవాడు. తుపాకి మందు నింపేటప్పుడు మాట్లాడనిచ్చేవాడు కాదు. రంధ్రాలు చేసిన చెక్కలో డొప్పలు నోరు కిందికి పెట్టి నిలబెడతాడు. ఒకటి తీసి, డబ్బాలో కొలత చెంచా ముంచి, పేకముక్కతో తలగీసి, డొప్పలో పోసి, నోరు పైకి పెడతాడు. బోర్లా ఉంటే ఖాళీ. నిటారుగా ఉంటే నిండినట్టు. అన్నీ అయ్యాక దీపం మీదికి వంచి, ప్రతి డొప్పలోకీ చూసి, అప్పుడు గుండు బిగిస్తాడు.

ఆ రోజు నేను సీసం బిళ్ళల బకెట్ తెచ్చి, అక్కడే నిలబడ్డాను. మధ్యలో ఆయనకు దగ్గు తెర వచ్చింది. చెంచా పక్కన పెట్టి, బల్ల పట్టుకుని వంగి, దగ్గు ఆగేదాకా ఉన్నాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. చివర్లో దీపం తీసుకుని చెక్క మీదుగా ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పాడు. ఎప్పటి వేగంతోనే తిప్పాడు. ఆయన కళ్ళు డొప్పల మీద లేవు. దీపం మీద ఉన్నాయి.

గుండ్లు బిగిస్తుండగా క్లోయిడ్ నేపియర్ వచ్చాడు. పక్క పొలం ఆయనది. ఏ ఇంటికి వచ్చినా ఏదో ఒకటి తినకుండా వెళ్ళడు.

"బాబాయ్, ఒక నాలుగు నాకివ్వు. మా ఆవిడ సొరుగులో ఇలాంటి పిస్టలే ఒకటుంది."

"ఇవ్వను."

"ఊరికే వద్దులే. ఓ కోడిపెట్ట ఇస్తా."

"కోడి కాదు. నేను నింపింది నేనే కాలుస్తా. ఇంకొకళ్ళు నింపింది నేను కాల్చను. నేను నింపింది ఇంకొకళ్ళకివ్వను."

"మా ఆవిడ చేసిన రొట్టె తింటావుగా. అదీ ఇంకొకళ్ళు చేసిందేగా?"

"రొట్టె పేలదు."

"నువ్వు ఈమధ్య మా ఇంట్లో తిన్లేదు."

క్లోయిడ్ వెళ్ళాక హోబర్ట్ తూటా ఒకటి నా అరచేతిలో పెట్టాడు.

"లోపలేముంది?"

"మందు."

"నీకెలా తెలుసు?"

నేను ఊపి చూశాను. ఏమీ తెలియలేదు.

"గుండు కూర్చున్నాక దేవుడు తప్ప ఎవడూ చూడలేడు. నింపినవాడి మాట నమ్మాలి. మా అన్న వెర్జిల్ ఒకడి మాట నమ్మాడు. మూడు వేళ్ళు పోయాయి."

తూటా నా చేతిలోంచి తీసుకుని డబ్బాలో పెట్టాడు.

నవంబరు మూడో వారంలో రాత్రి బకెట్లలో నీళ్ళు గడ్డకట్టాయి. ఆ శనివారం ముందు మా పందిని కొట్టారు. నేను పెళ్ళై వచ్చి నాలుగేళ్ళయినా, ఆ పని కిటికీలోంచే చూసేదాన్ని. ఆ ఏడు అత్తయ్య మోకాళ్ళు పట్టేశాయి. నీళ్ళ కాగు దగ్గర నేనుండాల్సి వచ్చింది. కాగు దొడ్డి పక్కనే.

హోబర్ట్ మొక్కజొన్న గింజలు కాస్త నేల మీద వేసి, ఒక మోకాలు మీద కూర్చున్నాడు. పంది వచ్చి తింటోంది. ఎడమ చెయ్యి దాని నొసటి మీద వేశాడు. గోకాడు. అది తల ఎత్తలేదు. వేళ్ళతో ఒక కన్ను పై ఎముక తడిమాడు, రెండో కన్ను పై ఎముక తడిమాడు. అక్కడి నుంచి చెవుల వైపు, కొలిచినట్టు. చూపుడు వేలు ఒకచోట ఆగింది. కుడి చెయ్యి కోటు చాటు నుంచి వచ్చింది. పిస్టల్ ఆ చేతిలో ఉందని నాకు తెలుసు. పందికి తెలియదు. చెయ్యీ వేలూ తప్ప ఏమీ కనిపించలేదు. వేలు తీసిన చోట గొట్టం పెట్టాడు.

చప్పుడు పెద్దది కాదు. పలక కింద పడేస్తే వచ్చేంత. పంది మోకాళ్ళ మీద కూర్చుంది, పక్కకు ఒరిగింది. నోట్లో గింజలు ఇంకా ఉన్నాయి. దొడ్డిలో రెండో పంది తల ఎత్తి చూసి, మళ్ళీ తినడం మొదలుపెట్టింది.

మగవాళ్ళు టోపీలు తీశారు. అది అక్కడి అలవాటని కిటికీలోంచి నాకెప్పుడూ తెలియలేదు. తరువాత కత్తులు బయటికొచ్చాయి, అందరూ ఒక్కసారి మాట్లాడారు.

అక్కడి నుంచి అందరూ క్లోయిడ్ దొడ్డికి వెళ్ళారు. ఆయనవి రెండు పందులు. ఆ రోజు ఒకటి, చలి నిలబడ్డాక ఇంకోటి అని మాట. గార్లండ్ కాలికి తాడు కట్టి పట్టుకున్నాడు. క్లోయిడ్ పిల్లలు కంచె ఎక్కారు. హోబర్ట్ కాల్చిన డొప్ప తీసేసి, జేబులోంచి కొత్త తూటా పెట్టుకున్నాడు. గింజలు వేశాడు. కూర్చున్నాడు. చెయ్యి వేశాడు. ఎముకలు తడిమాడు.

ట్రిగ్గర్ నొక్కినప్పుడు 'టప్' మని వచ్చింది. సీసా బిరడా తీసిన చప్పుడు.

పంది వెనక్కి గెంతి అరిచింది. నొసటి మీద మసి తప్ప ఏమీ లేదు. తాడు గార్లండ్ చేతుల్లోంచి సగం జారింది.

"ఇంకోటి కాల్చు బాబాయ్," అన్నాడు క్లోయిడ్. "కాల్చు, కాల్చు, మూలకొచ్చింది."

హోబర్ట్ బొటనవేలు సుత్తి మీద ఉంది. పంది ఎదురుగా ఉంది. అందరూ ఆయన్నే చూస్తున్నారు. ఆయన సుత్తి లాగలేదు. పిస్టల్ నేల వైపు దించి, లేచి, కంచె దాకా నడిచి వచ్చాడు.

"ఏమైంది బాబాయ్? మళ్ళీ కాల్చొచ్చుగా."

"చప్పుడు తక్కువ."

గడియ ఎత్తి, తూటాలన్నీ చేతిలోకి తీసుకున్నాడు. తెరిచిన పిస్టల్ నాకిచ్చాడు.

"వెల్డా, గొట్టంలోంచి ఆకాశం కనిపిస్తోందా?"

వెనక వైపు నుంచి చూశాను.

"లేదు మామయ్యా."

"సరే."

గుండు గొట్టం మధ్యలో ఇరుక్కుంది. డొప్పలో మందు లేదు. అడుగున పెట్టే నిప్పు బిళ్ళ ఒక్కటే పేలి, గుండును అంతదూరం నెట్టింది. దాని వెనక ఇంకో తూటా పేలి ఉంటే గొట్టం చీలేది. కంచె మీద పిల్లలు పిస్టల్‌కు రెండు గజాల దూరంలో ఉన్నారు.

క్లోయిడ్ వెళ్ళి, గార్లండ్ ట్రక్కులోంచి అతని రైఫిల్ తెచ్చాడు. పంది రైఫిల్‌ను చూసింది. మొదటి గుండు దవడకు తగిలింది. క్లోయిడ్ భార్య పిల్లల్ని కంచె దించి లోపలికి తీసుకెళ్ళింది. రెండో గుండు ఎక్కడ తగిలిందో తెలియదు. పంది గార్లండ్‌ను తాడుతో సహా దొడ్డి చుట్టూ ఈడ్చింది. మూడో గుండుకు పడింది. ఆ అరుపు లోయ పైన చర్చి దగ్గర వినపడిందని తరువాత చెప్పారు. అంతసేపూ హోబర్ట్ కంచె పట్టుకుని అటే తిరిగి నిలబడ్డాడు. ఈసారి ఎవరూ టోపీ తీయలేదు.

మధ్యాహ్నం షెడ్డులో చెక్క పుల్లతో కొట్టి ఆ గుండును బయటికి తీశాడు. గొట్టం ఉబ్బలేదు. వేలితో చివరి దాకా తడిమి చూశాడు. తరువాత తూటాల డబ్బా నా ముందు పెట్టాడు.

"అన్నీ విప్పు."

"అన్నీనా?"

"ఒక్కటే ఖాళీ అయితే దగ్గు వల్ల. అది ఎవరికైనా వస్తుంది. ఇంకోటి ఉంటే కళ్ళ వల్ల."

పటకారుతో గుండు లాగి, డొప్పను సాసరు మీద వంచాలి. ఆయన స్టూలు మీద కూర్చుని వింటున్నాడు. మందు సాసరులో పడితే ఇసుక చప్పుడు. ఒక్కొక్కదానికీ ఆ చప్పుడు వచ్చింది. డబ్బాలో సగం దాటాం. నాకు ధైర్యం వచ్చింది. తరువాతి డొప్ప వంచాను. చప్పుడు రాలేదు. వేలితో డొప్పను తట్టాను.

"చెప్పు," అన్నాడు.

"ఖాళీ మామయ్యా."

"మిగతావి చూడు."

మిగతావాటిలో ఇంకోటి దొరికింది. ఆయన తువ్వాలు మడత పెట్టాడు.

భోజనాల వేళ హోబర్ట్ పిస్టల్ తెచ్చి గార్లండ్ పళ్ళెం ముందు పెట్టాడు. గార్లండ్ అరచేతులు తాడుకు ఒరుసుకుని చర్మం లేచాయి. గుడ్డ చుట్టుకున్నాడు.

"క్లోయిడ్‌కి ఇంకో పంది ఉంది," అన్నాడు.

"ఉంది," అన్నాడు హోబర్ట్.

"రైఫిల్ నేనివ్వను. తాడు కూడా పట్టుకోను."

"అయితే ఎవరు కొడతారు?"

"నాకేం తెలుసు?"

పిస్టల్ అక్కడే ఉంది. అత్తయ్య మొక్కజొన్న రొట్టె మూకుడు పట్టుకుని నిలబడింది.

"ఆ సామాను ఎవరైనా తీస్తే రొట్టె పెడతా. లేకపోతే నా నెత్తిన పెట్టుకుంటా."

ఇద్దరూ కదల్లేదు. ఆమే తీసి ఫ్రిజ్ మీద పెట్టింది.

"నేను నింపుతా," అన్నాను. ముందుగా అనుకుని అన్న మాట కాదు. "మామయ్య చేతికి కళ్ళక్కర్లేదు. వేలితోనే కొడుతున్నాడు, నేను చూశా. మందు దగ్గరే కళ్ళు కావాలి."

హోబర్ట్ రొట్టె విరుచుకున్నాడు.

"ఇంకొకళ్ళు నింపింది నేను కాల్చను."

ఆ మాట మీద భోజనం అయిపోయింది. నేను టౌనులో చొక్కాల ఫ్యాక్టరీకి వెళ్తాను, కాలర్లు కుడతాను. ఆ వారం, పండుగ రోజు తప్ప, పొద్దున బస్సుకు వెళ్ళేటప్పుడు ఆయన వరండాలో కూర్చుని ఉండేవాడు. సాయంత్రం వచ్చేసరికి అక్కడే ఉండేవాడు. తలుపు తట్టినవాళ్ళు లేరు.

ఆ శుక్రవారం సాయంత్రం నేను మెట్లెక్కుతుంటే లేచాడు.

"చేతులు కడుక్కుని రా."

షెడ్డులో తన స్టూలు నాకిచ్చాడు. తను గోడ వైపు తిరిగి, తిరగేసిన బకెట్ మీద కూర్చున్నాడు. మాట్లాడవద్దన్నాడు. నేను మొదలుపెట్టాను. బోర్లా ఉన్న డొప్ప తీయడం, చెంచా ముంచడం, పేకముక్కతో గీయడం, పోయడం, నిలబెట్టడం. కాలర్లు కుట్టే పనిలాగే ఉంది. ఒకటి రెండోదానిలా ఉండాలి.

"ఆగు. చెంచా గీయలేదు."

ఆయన గోడనే చూస్తున్నాడు.

"గీశాను మామయ్యా."

"గీసిన చప్పుడు రాలేదు."

పేకముక్క చూశాను. పక్కన పడి ఉంది. గీయలేదు. డొప్ప కుమ్మరించి మళ్ళీ మొదలుపెట్టాను. చెంచా డబ్బా అంచుకు తగిలినా, డొప్ప చెక్కలో వంకరగా కూర్చున్నా, ఆయన ఆపాడు. నాకు వినపడని చప్పుళ్ళు ఆ షెడ్డులో అన్ని ఉన్నాయని నాకప్పటిదాకా తెలియదు. కొంతసేపటికి నాకూ వినపడసాగాయి.

"చూడు," అన్నాడు చివర్లో.

దీపం దగ్గరికి వంచి ఒక్కొక్కదానిలోకీ చూశాను. బూడిదరంగు మందు, అన్నిట్లోనూ ఒకే ఎత్తులో. గుండ్లు బిగించాను.

"ఇప్పుడు విప్పు."

"ఇప్పుడే బిగించాగా?"

"విప్పు."

విప్పాను. సాసరులో మందు చప్పుడు ఒక్కొక్కటిగా విన్నాడు. మర్నాడు మళ్ళీ నింపించి, మళ్ళీ విప్పించాడు. గుమ్మం దగ్గర అత్తయ్య నిలబడి చూసి, "నాలుగేళ్ళుగా స్వెటరు అల్లడం నేర్చుకోమంటే టైం లేదంది ఈ పిల్ల," అని వెళ్ళిపోయింది.

మూడోసారి నింపాక విప్పమనలేదు. పిస్టల్ నా చేతికిచ్చి, వాగు గట్టు దాకా నడిపించాడు.

"నింపినవాళ్ళే ముందు కాల్చాలి."

నేను అంతకుముందు రైఫిల్ తప్ప కాల్చలేదు. నాలుగూ మట్టి గట్టులోకి కాల్చాను. ప్రతిదాని తరువాత గడియ తెరిపించి, గొట్టంలోంచి ఆకాశం చూడమన్నాడు. నాలుగుసార్లూ కనిపించింది. ఆయన తల పక్కకు వంచి విన్నాడు. బాగుందనలేదు. బాగాలేదనలేదు. ఇంటికి వచ్చాక పిస్టల్‌ను మళ్ళీ ఫ్రిజ్ మీద, మిగతా తూటాల డబ్బాను కిటికీ గట్టు మీద పెట్టి పడుకోవడానికి వెళ్ళిపోయాడు.

డిసెంబరు మొదటి శనివారం క్లోయిడ్ వచ్చాడు. తలుపు తట్టాడు. మామూలుగా తట్టడు, నేరుగా వంటింట్లోకి వస్తాడు.

"బాబాయ్," అన్నాడు. టోపీ చేతిలో ఉంది. "రెండో దాన్ని కొట్టాలి. చలి నిలబడింది."

"రైఫిల్‌తో కొట్టుకోవచ్చుగా?"

"వద్దు బాబాయ్. ఆ మాంసం కుక్కలు కూడా వదిలేశాయి. పిల్లలు ఇప్పటికీ ముద్ద ముట్టుకోవడం లేదు." గుమ్మం వైపు చూశాడు. "నువ్వు రావాలి."

హోబర్ట్ గార్లండ్ వైపు చూశాడు. గార్లండ్ కాఫీ తాగుతున్నాడు. కప్పు దించి, ఫ్రిజ్ మీద నుంచి పిస్టల్ తీసి, తండ్రి ముందు పెట్టాడు. మళ్ళీ కాఫీ తీసుకున్నాడు. హోబర్ట్ కోటు తొడుక్కున్నాడు. కిటికీ గట్టు మీది డబ్బాను కోటు జేబులో వేసుకున్నాడు.

క్లోయిడ్ దొడ్డి దగ్గర కాగులో నీళ్ళు పొగలు కక్కుతున్నాయి. పిల్లలు కనిపించలేదు. కిటికీ తెర వెనక కదిలారు. గార్లండ్ కట్టు కట్టిన చేతులతోనే తాడు పట్టుకున్నాడు.

హోబర్ట్ డబ్బా తెరిచి నాలుగు తూటాలు ఏరుకున్నాడు. క్లోయిడ్ డబ్బాలోకి చూశాడు.

"ఎప్పుడు నింపావు బాబాయ్ ఇవి?"

"నేను నింపలేదు."

"మరెవరు?"

"మా కోడలు."

క్లోయిడ్ నన్ను చూశాడు, మళ్ళీ ఆయన్ని చూశాడు.

"ఇంకొకళ్ళు నింపింది కాల్చనన్నావు కదా."

"అన్నాను."

గడియ మూశాడు. కంచె తలుపు తీసుకుని లోపలికి వెళ్ళాడు. నేను అడుగు ముందుకు వేశాను. కంచె చెక్క నా పొట్టకు తగిలింది. ఆ చెక్క చప్పుడు, పొయ్యి చప్పుడు, పంది గింజలు నమిలే చప్పుడు, అన్నీ వినపడుతున్నాయి.

ఒక మోకాలు మీద కూర్చున్నాడు. ఎడమ చెయ్యి పంది నొసటి మీద వేసి గోకాడు. అది తింటోంది. ఒక కన్ను మీది ఎముక. రెండో కన్ను మీది ఎముక. వేలు ఆగింది. కుడి చెయ్యి వచ్చింది. ఆయన తల తిప్పి నా వైపు చూడలేదు. ఒక్క క్షణం కూడా ఆగలేదు. ఎన్నేళ్ళుగానో నొక్కినట్టే నొక్కాడు.

పలక కింద పడిన చప్పుడు వచ్చింది.

పంది ముందు కాళ్ళ మీద కూర్చుంది. పక్కకు ఒరిగింది. గార్లండ్ చేతుల్లో తాడు వదులుగా నేల మీదికి జారింది. క్లోయిడ్ టోపీ తీశాడు.

హోబర్ట్ లేచి, మోకాలికి అంటిన మట్టి దులుపుకుని, గడియ ఎత్తాడు. కాల్చిన డొప్పను కోటు జేబులో వేశాడు. గొట్టం ఆకాశం వైపు పెట్టాడు. చూడలేదు, నన్ను చూడమనీ అనలేదు. వేలితో గుర్తుపట్టి మిగతా మూడు తూటాలూ సుత్తి గదికి దూరంగా సర్దుకుని, పక్కన ఇంకోటి చేర్చి, గడియ మూశాడు.

"వాగు అవతల ఎవరిదైనా ఉందా ఇవాళ?" అని అడిగాడు.

"మా తమ్ముడిది ఉంది," అన్నాడు క్లోయిడ్.

హోబర్ట్ కంచె తలుపు తీసుకుని వాగు వైపు నడిచాడు.